నేలకు తగిన చక్రం

కృష్ణా డెల్టా ప్రజలకు చక్రాన్ని ఎంచుకోవడం కొత్త విద్య కాదు. దివిసీమలోను, గుడివాడ పరిసర గ్రామాలలోను సేద్యం చేసే రైతు ఏ నేలకు ఏ చక్రం తగునో తరతరాలుగా ఎరిగినవాడు. ఎడ్లబండికి పెద్ద కర్రచక్రాలు ఉండేవి. చక్రం ఎంత పెద్దదైతే గాడినీ, గుంతనూ అంత సులువుగా దాటుతుంది. తరువాత కర్రచక్రం స్థానంలో గాలి నింపిన రబ్బరు చక్రం వచ్చింది. దానినే జనం టైరుబండి అన్నారు. ట్రాక్టరు వచ్చాక వరిమడిలో దమ్ము చేయడానికి ఇనుప దమ్ము చక్రాలు అమర్చారు. అవి రొంపిలో దిగబడకుండా పట్టు నిలుపుతాయి. అవే చక్రాలతో రోడ్డెక్కితే తారు చీలిపోతుంది. అందుకే మడికి ఇనుప చక్రం, రోడ్డుకు రబ్బరు చక్రం అన్న వివేచన ఇక్కడి వ్యవసాయంలో అంతర్భాగమైంది.

ఈ వివేచన కారు దగ్గరకు వచ్చేసరికి తరచుగా మరుగున పడుతుంది. చురుకుగా పరుగెత్తే చిన్న కారు కొన్న యువకుడు మొదట చేయదలచే మార్పు చక్రాలదే. కంపెనీ ఇచ్చిన ఇనుప రిమ్ములు తీసివేసి, మెరిసే అల్లాయ్ రిమ్ములూ వెడల్పాటి టైర్లూ వేయించాలనుకుంటాడు. ఆ కోరిక తప్పు కాదు. కాని కారుకూ నేలకూ మధ్య ఉన్న ఏకైక సంబంధం టైరే. బ్రేకు, స్టీరింగు, ఇంజను చేసే ప్రతి పనీ చివరకు నాలుగు టైర్ల ద్వారానే నేలకు చేరుతుంది. మనుషులు కూర్చున్న ఒక చిన్న కారు బరువులో ఒక్కొక్క చక్రం మీద సుమారు 300 కిలోలు పడుతుందనుకుందాం. టైరులో 30 పి.ఎస్.ఐ. గాలి ఉంటే నేలను తాకే భాగం దాదాపు 140 చదరపు సెంటీమీటర్లు మాత్రమే. అంటే విప్పిన అరచేయంత. ప్రయాణికుల ప్రాణాలు నాలుగు అరచేతులంత రబ్బరు మీద ఆధారపడి ఉన్నాయన్నమాట.

టైరును ఎంచుకోవాలంటే ముందు దాని మీది అంకెలను చదవడం రావాలి. ఒక టైరు పక్కగోడ మీద 185/65 ఆర్ 15 88 హెచ్ అని ఉన్నదనుకుందాం. ఇందులో 185 అనేది టైరు వెడల్పు. అది మిల్లీమీటర్లలో ఉంటుంది. 65 అనేది పక్కగోడ ఎత్తు. వెడల్పులో అది నూటికి అరవై అయిదు వంతులు. ‘ఆర్’ అంటే రేడియల్ నిర్మాణం. 15 అనేది రిమ్ము వ్యాసం. దీనిని మాత్రం అంగుళాలలో చెబుతారు. 88 అనేది బరువు సూచిక. ఆ టైరు 560 కిలోల వరకు మోయగలదని అర్థం. ‘హెచ్’ అనేది వేగ సూచిక. గంటకు 210 కిలోమీటర్ల వేగం వరకు ఆ టైరు తట్టుకుంటుందని దాని భావం. ఒకే వరుసలో మూడు రకాల కొలమానాలు కలిసి ఉండడం వల్లనే చాలామంది ఈ అంకెలను చూసి తికమకపడతారు.

ఈ అంకెలతో టైరు పూర్తి వ్యాసాన్ని ఎవరైనా లెక్కకట్టవచ్చు. రిమ్ము వ్యాసాన్ని 25.4తో గుణిస్తే మిల్లీమీటర్లు వస్తాయి. దానికి పక్కగోడ ఎత్తును రెండుసార్లు కలపాలి. మారుతి స్విఫ్ట్ కారును ఉదాహరణగా తీసుకుందాం. 2011లో వచ్చిన రెండవ తరం స్విఫ్ట్‌లో దిగువ రకాలకు 165/80 ఆర్ 14 టైర్లను, పై రకానికి 185/65 ఆర్ 15 టైర్లను కంపెనీయే అమర్చింది. మొదటిదాని పూర్తి వ్యాసం 619.6 మిల్లీమీటర్లు, రెండవదానిది 621.5 మిల్లీమీటర్లు. రిమ్ము ఒక అంగుళం పెరిగినా మొత్తం చక్రం పెరిగింది రెండు మిల్లీమీటర్లే. ఇంకొక అంగుళం పెంచి 195/55 ఆర్ 16 వేస్తే వ్యాసం 620.9 మిల్లీమీటర్లు అవుతుంది. రిమ్ము పెరిగినంత మేరకు పక్కగోడను తగ్గించి, మొత్తం వ్యాసాన్ని యథాతథంగా ఉంచడమే సరైన మార్పుకు మూలసూత్రం. పాత వ్యాసానికీ కొత్త వ్యాసానికీ తేడా నూటికి రెండు వంతులు మించకపోవడం మంచిది. మూడు వంతులు దాటితే ఆ కొలతను విడిచిపెట్టవలసిందే.

ఈ సూత్రాన్ని పాటించకపోతే ఏమవుతుంది? అదే కారుకు 205/65 ఆర్ 15 టైర్లు వేశారనుకుందాం. వ్యాసం 647.5 మిల్లీమీటర్లు. అంటే నూటికి నాలుగు వంతులకు పైగా పెరిగింది. స్పీడోమీటరు చక్రం తిరిగే చుట్లను బట్టి వేగం చూపుతుంది. పెద్ద చక్రం ఒక్కొక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. ముల్లు 80 దగ్గర ఉన్నప్పుడు కారు, మునుపు ఆ అంకె వద్ద పోయినదానికంటే గంటకు మూడు కిలోమీటర్లు అదనంగా పరుగెడుతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు, గుంతలో దిగినప్పుడు టైరు లోపలి భాగాలకు రాసుకుపోయే ప్రమాదమూ ఉంది. ఇందుకు భిన్నంగా 185/55 ఆర్ 15 వేస్తే వ్యాసం 584.5 మిల్లీమీటర్లకు పడిపోతుంది. కారు నేలకు సుమారు 18 మిల్లీమీటర్లు దగ్గరవుతుంది. ఎత్తైన స్పీడు బ్రేకర్లు గల పల్లె రోడ్డు మీద ఆ కొద్దిపాటి ఎత్తే కారు అడుగుభాగాన్ని కాపాడుతుంది.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. ఎడ్లబండికి పెద్ద చక్రం అంటే నిజంగానే పెద్ద చక్రం. కారుకు పెద్ద రిమ్ము అంటే పెద్ద చక్రం కాదు, తక్కువ రబ్బరు. స్విఫ్ట్ ఉదాహరణలో రిమ్ము 14 నుండి 16 అంగుళాలకు పెరిగేసరికి పక్కగోడ ఎత్తు 132 మిల్లీమీటర్ల నుండి 107కు తగ్గింది. ఈ గోడే గుంతల దెబ్బను మొదట భరించే మెత్త. గోడ పొట్టిదైతే మలుపులో టైరు తక్కువగా వంగుతుంది. స్టీరింగుకు కారు వెంటనే స్పందిస్తుంది. పందెపు కారు స్వభావం అని యువకులు మెచ్చుకునేది దీనినే. అయితే ఆ లాభానికి తగిన వెల ఉంది. గుంతలో పడినప్పుడు పొట్టి గోడ రిమ్ముకూ, గుంత అంచుకూ మధ్య నలిగిపోతుంది. లోపలి దారాలు తెగి గోడ మీద ఉబ్బు కనిపిస్తుంది. అటువంటి టైరు ఎప్పుడు పగులుతుందో చెప్పలేము.

పందెపు కార్లు పెద్ద రిమ్ములు వాడుతున్నాయి కదా అని కొందరు వాదించవచ్చు. ఫార్ములా వన్ పందేలలో 2021 వరకు 13 అంగుళాల రిమ్ములే ఉండేవి. 2022 నుండి 18 అంగుళాలవి వచ్చాయి. అవి అద్దం వంటి పందెపు బాటల మీద పరుగెత్తుతాయి. ప్రపంచ ర్యాలీ పోటీలలోని కార్లను చూస్తే అసలు విషయం తెలుస్తుంది. తారురోడ్డు పోటీకి 18 అంగుళాల రిమ్ములు వాడే కారే, కంకరబాట పోటీకి ఎత్తైన గోడ గల టైర్లతో 15 అంగుళాల రిమ్ములు వేసుకుంటుంది. వేగమే పరమావధిగా గల వాహనాలు సైతం నేల గరుకైనప్పుడు చిన్న రిమ్మునే కోరుకుంటాయి. దమ్ముకు ఒక చక్రం, రోడ్డుకు ఒక చక్రం వాడే డెల్టా రైతు ఆలోచన కూడా ఇదే.

మరి డెల్టా నేల ఎటువంటిది? ఈ ప్రాంతంలో అధికభాగం నల్లబంక మట్టి. వర్షాకాలంలో నీరు పీల్చి ఉబ్బుతుంది. ఎండాకాలంలో కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. దాని మీద వేసిన రోడ్డు కొంతకాలానికి అలలు అలలుగా ఎగుడుదిగుడు అవుతుంది. విజయవాడ నుండి మచిలీపట్నం వరకు గల జాతీయ రహదారి నాలుగు వరుసలది. దాని మీద పొట్టి గోడ టైరుకూ కొంత సుఖం ఉంటుంది. కాని అవనిగడ్డ దాటి కోడూరు, నాగాయలంక వైపు పోయే కారు కాలువగట్ల మీది ఇరుకు రోడ్లలో నడవవలసి వస్తుంది. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఒక పక్క చక్రాలు తారు దిగి మట్టి అంచు మీదకు పోక తప్పదు. తారు అంచు కోసుకుపోయి ఉంటే దెబ్బ నేరుగా పక్కగోడకే తగులుతుంది.

రెండవ పరీక్ష నీరు. నైరుతి వర్షాలు, ఆ తరువాత అక్టోబరు, నవంబరు నెలల తుపానులు ఈ తీరానికి పరిపాటి. నిలిచిన నీటి మీద వేగంగా పోయే టైరు నీటిని పక్కకు నెట్టలేకపోతే నేలను విడిచి నీటి పొర మీద తేలుతుంది. అప్పుడు బ్రేకూ, స్టీరింగూ రెండూ పనిచేయవు. 1963లో నాసాకు చెందిన హోర్న్, డ్రెహర్ అనే పరిశోధకులు ఈ తేలే వేగానికీ, టైరులోని గాలి పీడనానికీ గల సంబంధాన్ని వివరించారు. విమానపు టైర్ల పరీక్షల నుండి వచ్చిన ఆ సూత్రం ప్రకారం, గీతలు అరిగిన టైరులో 30 పి.ఎస్.ఐ. గాలి ఉంటే గంటకు సుమారు 91 కిలోమీటర్ల దగ్గర, 20 పి.ఎస్.ఐ. ఉంటే సుమారు 75 కిలోమీటర్ల దగ్గర ఈ ప్రమాదం మొదలవుతుంది. గాలి తగ్గితే ప్రమాదం ముందుకు వస్తుందన్నమాట. టైరు వెడల్పు పెరిగిన కొద్దీ అది తోయవలసిన నీరూ పెరుగుతుంది. అదే బరువు, అదే గాలి ఉంటే వెడల్పాటి టైరు నేలను తాకే వైశాల్యం పెద్దగా పెరగదు. దాని ఆకారం మాత్రం అడ్డంగా సాగుతుంది. పొడి రోడ్డు మీద మలుపులో అది మేలు చేస్తుంది. నీటి మీద కీడు చేస్తుంది. కార్ల టైర్లకు గీతల లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలని నిబంధన. డెల్టా వర్షాలలో ఆ హద్దు వరకు ఆగకుండా ముందే మార్చుకోవడం క్షేమం.

టైరు కొలత కుదిరినంత మాత్రాన రిమ్ము కుదిరినట్లు కాదు. రిమ్ము విషయంలో నాలుగు అంశాలు చూడాలి. మొదటిది బోల్టుల సంఖ్య, అవి అమరిన వలయపు వ్యాసం. స్విఫ్ట్‌కు నాలుగు బోల్టులు 100 మిల్లీమీటర్ల వలయంలో ఉంటాయి. రెండవది నడిమి రంధ్రం. అది హబ్బు మీద వదులుగా కూర్చుంటే వేగంలో చక్రం అదురుతుంది. మూడవది ఆఫ్‌సెట్, అంటే రిమ్ము నడిమి గీతకూ, హబ్బుకు ఆనుకొనే ముఖానికీ మధ్య దూరం. అది తగ్గితే చక్రం బయటికి జరుగుతుంది. చూపులకు కారు విశాలంగా ఉంటుంది గాని బేరింగుల మీద భారం పెరుగుతుంది. బురద, కంకర వెనుక వచ్చేవారి మీదకు చిమ్ముతాయి. నాలుగవది రిమ్ము వెడల్పు. 195/55 ఆర్ 16 టైరుకు 5.5 నుండి 7 అంగుళాల వెడల్పు గల రిమ్ము సరిపోతుంది. ఇరుకు టైరును మరీ వెడల్పాటి రిమ్ము మీద సాగదీసి బిగించడం ప్రమాదకరం.

బరువు సూచిక పాతదానికంటే తగ్గకూడదు. పై ఉదాహరణలోని 16 అంగుళాల టైరుకు సాధారణంగా ఉండే సూచిక 87, అంటే 545 కిలోలు. 15 అంగుళాల టైరు మోసే 560 కిలోల కంటే ఇది తక్కువే. వెడల్పు పెరిగింది కనుక బలమూ పెరిగిందనుకోవడం పొరపాటని దీనివల్ల తెలుస్తుంది. కుటుంబమంతా ఎక్కి, వెనుక బియ్యం బస్తాలు వేసుకొనే కారుకు ఈ తేడా లెక్కలోకి వస్తుంది. టైరు మీద ఐ.ఎస్.ఐ. ముద్రనూ, నాలుగంకెల తయారీ సూచికనూ చూడాలి. 2319 అని ఉంటే ఆ టైరు 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. వాడకున్నా రబ్బరు కాలంతో గట్టిపడుతుంది.

సముద్రతీర ప్రాంతం కావడం మరొక విషయం. ఉప్పుగాలికి ఇనుప రిమ్ము తుప్పు పడుతుంది. అల్లాయ్ రిమ్ము తుప్పు పట్టదుగాని పైపూత గీసుకుపోయిన చోట తెల్లగా పొడిబారుతుంది. మంగినపూడి, హంసలదీవి తీరాలకు వెళ్లి వచ్చిన తరువాత చక్రాలను మంచినీటితో కడగడం అవసరం. గుంతలో పడితే ఇనుప రిమ్ము వంగుతుంది. దానిని మళ్లీ సరిచేయవచ్చు. అల్లాయ్ రిమ్ము పగిలే అవకాశం ఉంది. పగిలినదానిని అతికించి వాడడం మంచిది కాదు.

చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని మరోసారి స్పష్టం చేసింది. అదే కారు పై రకానికి కంపెనీయే ఆమోదించిన కొలతను ఎంచుకుంటే చిక్కులు చాలావరకు తొలగుతాయి. చక్రాల మార్పును బీమా సంస్థకు తెలియజేయడం యజమాని బాధ్యత.

కాబట్టి చక్రాలు మార్చదలచినవారు ముందు దుకాణంలోని రిమ్ముల వైపు కాక, కారు డ్రైవరు తలుపు పక్కనున్న పట్టిక వైపు చూడాలి. కంపెనీ చెప్పిన కొలతలు, గాలి పీడనం అక్కడ ఉంటాయి. ఆ తరువాత కారు ఏ రోడ్ల మీద ఎక్కువగా తిరుగుతుందో ఆలోచించాలి. ఎక్కువగా జాతీయ రహదారి మీద తిరిగే కారుకు ఒక అంగుళం పెంచడం సహేతుకమే. రోజూ దివిసీమ లోపలి పల్లెలకు పోయే కారుకు ఎత్తైన గోడ గల పాత కొలతే శ్రేయస్కరం. అదే కొలతలో మేలైన టైర్లు వేయించుకుంటే పట్టూ పెరుగుతుంది, డబ్బూ ఆదా అవుతుంది. డిక్కీలోని స్టెప్నీ వ్యాసం కూడా కొత్త చక్రాలతో సరిపోవాలి. లేకుంటే వానరాత్రి పంక్చరైనప్పుడు ఒక పక్క ఒక ఎత్తు, మరొక పక్క మరొక ఎత్తుతో ఇల్లు చేరవలసి వస్తుంది. చక్రం చూసేవారి కంటికి కాదు, మోసే నేలకు నచ్చాలి.