18 గంటలు ఆగు తమ్ముడూ

మా హాస్టల్ మేడ ఎక్కితే శంషాబాద్‌లో దిగే విమానాలు చక్రాలు దించుకుంటూ రావడం కనిపిస్తుంది. మూడేళ్ళుగా చూస్తున్నాను. ఆ విమానానికీ సముద్రం అడుగుకీ మధ్య ఒక లెక్క ఉందని మాత్రం స్కూబా డైవింగ్ నేర్చుకునేదాకా తెలీదు.

ముందు కోర్సు సంగతి చెప్తాను. తొలి సర్టిఫికెట్ పేరు ‘ఓపెన్ వాటర్ డైవర్’. ప్యాడీ, ఎస్‌ఎస్‌ఐ లాంటి అంతర్జాతీయ సంస్థలవి ఉన్నాయి. అది చేతిలో ఉంటే, తోడుగా ఇంకో డైవర్‌తో 18 మీటర్ల లోతు దాకా వెళ్ళొచ్చు. కోర్సులో మూడు భాగాలు: థియరీ, స్విమ్మింగ్ పూల్‌లో సాధన, సముద్రంలో నాలుగు డైవ్‌లు. 200 మీటర్లు ఈదాలి, టైం లిమిట్ లేదు. 10 నిమిషాలు నీటిమీద తేలాలి. ఆస్తమా, గుండె జబ్బు లాంటివి ఉంటే డాక్టర్ ఒప్పుకోవాలి.

థియరీ, పూల్ రెండూ హైదరాబాదులోనే పూర్తి చేశాను. ఆ రికార్డు పట్టుకెళ్ళి సముద్రం డైవ్‌లు ఇంకోచోట చెయ్యొచ్చు. దీన్ని రెఫరల్ అంటారు. నేను అండమాన్‌లోని హావ్‌లాక్ దీవికి వెళ్ళాను. ఇప్పుడు దాని పేరు స్వరాజ్ ద్వీప్.

వీపు మీద ఉండేదాన్ని అందరూ ఆక్సిజన్ సిలిండర్ అంటారు. కాదండీ, అందులో ఉండేది మనం పీల్చే మామూలు గాలే, దాదాపు 200 బార్ ఒత్తిడితో కుక్కి ఉంటుంది. నీళ్ళలో ప్రతి 10 మీటర్లకీ ఒక అట్మాస్ఫియర్ చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. రెగ్యులేటర్ కూడా గాలిని అదే ఒత్తిడితో ఇస్తుంది. 10 మీటర్ల లోతులో నిండా పీల్చి, ఊపిరి బిగబట్టి పైకొస్తే బాయిల్ సూత్రం ప్రకారం ఆ గాలి రెట్టింపు అవ్వాలని చూస్తుంది. ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చు. అందుకే మొదటి పాఠం: ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు.

రెండోది హెన్రీ సూత్రం. ఒత్తిడి పెరిగితే గాలిలోని నైట్రోజన్ మన రక్తంలో, కండరాల్లో ఎక్కువగా కరుగుతుంది. నెమ్మదిగా పైకొస్తే ఊపిరితో పాటు మెల్లగా బయటికి పోతుంది. గబుక్కున వస్తే గోలీ సోడా కొట్టినట్టే, లోపలే బుడగలు కడుతుంది. కీళ్ళ నొప్పులు, తిమ్మిర్లు, ఒక్కోసారి పక్షవాతం. సివిల్ వాళ్ళకి ఇది కొత్త కాకపోవచ్చు. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన కట్టేటప్పుడు, నది అడుగున ఒత్తిడి గాలి నింపిన కెయిసన్లలో పనిచేసినవాళ్ళకి వచ్చిన జబ్బు ఇదే. చీఫ్ ఇంజనీర్ వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా 1872లో దీంతోనే మంచాన పడ్డాడు.

నా ప్లాన్ ఇలా ఉంది: శనివారం రెండు డైవ్‌లు, ఆదివారం పొద్దున్నే రెండు, మధ్యాహ్నం పోర్ట్ బ్లెయిర్ నుంచి శంషాబాద్ విమానం, సోమవారం ఫ్లూయిడ్ మెకానిక్స్ మిడ్. ఇన్‌స్ట్రక్టర్ శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డ కుటుంబం అబ్బాయి. ఫారం చూస్తూ అడిగాడు.

“తమ్ముడూ, రిటర్న్ టికెట్ ఎప్పుడు?”

చెప్పాను. తల అడ్డంగా ఊపాడు.

విమానం లోపల మామూలుగానే ఊపిరాడుతుంది గానీ, అక్కడి ఒత్తిడి నేలమీది ఒత్తిడి కాదు. దాదాపు 1800 నుంచి 2400 మీటర్ల ఎత్తున్న కొండ మీద కూర్చున్నట్టు. అంటే ఒంట్లో ఇంకా మిగిలిన నైట్రోజన్‌కి మళ్ళీ సోడా మూత తీసినట్టే. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన ప్రకారం ఒకే డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువ చేస్తే కనీసం 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలి. వెళ్ళేటప్పుడు విమానం దిగి డైవ్ చెయ్యడంలో ఈ ఇబ్బంది లేదు.

“ఏమైనా అవుతుందా అన్నా? చాలామంది ఎక్కేస్తారేమో కదా?”

“ఏమీ కాకపోవచ్చు. అయితే మాత్రం పైన నీ పక్కన నేనుండను.”

మిడ్ వదలాలా, ఆదివారం డైవ్‌లు వదలాలా? టికెట్ మార్చడానికి నా దగ్గర డబ్బుల్లేవు. ఆదివారం డైవ్‌లే వదిలేశాను. పడవ వెళ్ళిపోతుంటే ఒడ్డున కూర్చుని చూడటం కష్టంగానే అనిపించింది. సర్టిఫికెట్ లేకుండానే శంషాబాద్‌లో దిగాను. మిడ్ కూడా అంతంతమాత్రమే రాశాను!

మిగిలిన రెండు డైవ్‌లు నాలుగు నెలల తర్వాత విశాఖలో, రుషికొండ దగ్గర పూర్తి చేశాను. నీళ్ళు అండమాన్ అంత తేటగా లేవు. మర్నాడు సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. హైదరాబాదు కూడా సముద్రమట్టానికి 500 మీటర్ల పైనే కాబట్టి రైలుకి కూడా ఆ తొందర పెట్టుకోలేదు. కార్డు ఫోన్‌కే వచ్చింది.

ఇప్పుడు జూనియర్లు ఎవరైనా అండమాన్ ప్లాన్ చెప్తే, ఖర్చెంత అని నేను అడగను. రిటర్న్ టికెట్ ఎప్పుడో అడుగుతాను. ఆఖరి రోజు డైవ్ పెట్టుకోకండి. సెల్యులర్ జైలు చూడటానికి ఉంచుకోండి.