ఈస్టుకి వేలిముద్రలు: వైను పీపా నుంచి కువైట్ ఆసుపత్రి దాకా

కువైట్‌లో ఈస్టు అనగానే మన వాళ్ళకి గుర్తొచ్చేది ఖుబ్బూస్ రొట్టె. అక్కడ మద్యం నిషిద్ధం కనుక ఈస్టు చేసే రెండో పని గురించి బాహాటంగా మాట్లాడుకునే సందర్భాలు తక్కువే. రొట్టెని పొంగించేదీ, ద్రాక్షరసాన్ని వైనుగా మార్చేదీ ఒకే జాతి ఈస్టు. దాని పేరు శాకరోమైసిస్ సెరివిసియే. జాతి ఒకటే అయినా అందులో రకాలు బోలెడు. సూక్ష్మదర్శినిలో చూస్తే అన్నీ ఒకే అచ్చులో పోసిన గుడ్ల లాగే ఉంటాయి. మరి ఏది ఏదో చెప్పడం ఎలా? వైను తయారీదారులని వేధించిన ఈ ప్రశ్నే కువైట్ ఆసుపత్రుల్లో ప్రాణాల మీదికి వచ్చింది. ముందు వైను సంగతి చూద్దాం.

వైను తయారుచేసేవాడు తనకి నచ్చిన ఈస్టు రకాన్ని కొని రసంలో కలుపుతాడు. కాని ద్రాక్ష తొక్కల మీద, పీపాల గోడల మీద వేరే ఈస్టులు కాపురం ఉంటాయి. చివరికి రసాన్ని పులియబెట్టింది తను కొన్న ఈస్టా, పిలవని పేరంటానికి వచ్చిన ఈస్టా? దీన్ని తేల్చడానికి దొరికిన ఉపాయాల్లో ఒకటి ఎంజైముల్లో ఉండే తేడాలు.

ఎంజైము అంటే ఎమైనో ఆమ్లాలని పూసల్లా గుచ్చిన గొలుసు. జన్యువులో ఒక అక్షరం మారితే గొలుసులో ఒక పూస మారవచ్చు. ఎంజైము తన పని తాను చేస్తూనే ఉంటుంది కాని, దాని విద్యుదావేశం కాస్త మారవచ్చు. ఇలా ఒకే పని చేసే వేర్వేరు రూపాలకి 1959లో మార్కర్ట్, మోలర్ అనే శాస్త్రవేత్తలు ఐసోజైములు అని పేరు పెట్టారు. ఈస్టుని నలిపి తీసిన రసాన్ని జెల్ పలకలో పోసి కరెంటు పెడితే ఈ రూపాలు వేర్వేరు దూరాలు ప్రయాణం చేస్తాయి. ఆ తరువాత ఎంజైము పనిచేసే పదార్థాన్నీ, దానితో పాటు ఒక రంగునీ పోస్తే ఎంజైము ఉన్న చోటే గీత పడుతుంది. ఎస్టరేజు, ఆల్కహాలు డీహైడ్రోజినేజు వంటి కొన్ని ఎంజైముల గీతలు పక్కపక్కన పేరిస్తే బార్‌కోడు లాంటిది తయారవుతుంది.

మన భాషలో చెప్పాలంటే ఇది చెక్‌సమ్. ఒకే తిండి పెట్టి, ఒకే తీరున పెంచిన రెండు ఈస్టుల గీతలు వేరుగా ఉంటే అవి వేర్వేరు రకాలని చెప్పవచ్చు. గీతలు కలిసినంత మాత్రాన రెండూ ఒకటే అని మాత్రం చెప్పలేం. జన్యువులో వచ్చే మార్పులన్నీ ఆవేశాన్ని మార్చవు కదా!

ఇప్పుడు కువైట్ వెళదాం. 2009లో జపాన్‌లో ఒక రోగి చెవిలో కొత్త ఈస్టు ఒకటి కనిపించింది. లాటిన్‌లో చెవిని ఆరిస్ అంటారు కనుక దానికి కేండిడా ఆరిస్ అని పేరు పెట్టారు. 2014లో అది కువైట్‌లో ఒక రోగి రక్తంలో దొరికింది. ఆసుపత్రి యంత్రం దాన్ని కేండిడా హీములోనై అనే దగ్గర చుట్టంగా గుర్తించింది. ఇలాంటి యంత్రాలు జెల్ గీతలు చూడవు. ఏ చక్కెర తింటుంది, ఏ ఎంజైము పనిచేస్తుంది అని నలభైకి పైగా చిన్న పరీక్షలు పెట్టి, జవాబులని తమ డేటాబేసుతో పోల్చుతాయి. అప్పటి డేటాబేసులో ఆరిస్ లేదు. "దొరకలేదు" అనవలసిన చోట యంత్రం దగ్గరలో ఉన్న పేరు చెప్పింది. కువైట్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు డీఎన్‌ఏ వరస చదివి అసలు పేరు తేల్చారు. ఆ నివేదిక 2015లో అచ్చయింది.

పేరు తప్పితే కొంప ఏం మునిగింది? ఆరిస్ మీద ఫ్లూకొనజోల్ అనే మామూలు మందు తరచు పనిచేయదు. మంచం కమ్మీల మీద, పరికరాల మీద వారాల తరబడి బతికి పక్క రోగికి అంటుకుంటుంది. పేరు తెలిస్తేనే మందు మారుస్తారు, రోగిని విడిగా ఉంచుతారు. రక్తంలో చేరిన వాళ్ళలో మూడో వంతు, అంతకు మించి చనిపోయినట్లు అనేక దేశాల నివేదికలు ఉన్నాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యంత ప్రమాదకరమైన నాలుగు శిలీంధ్రాలలో దీన్ని చేర్చింది.

తరువాత ఆ యంత్రాల డేటాబేసులలో ఆరిస్‌ని చేర్చారు. డీఎన్‌ఏ పరీక్షలు ఇంకా లోతుకి వెళ్ళి, కువైట్ ఆరిస్ దక్షిణాసియా వంశానికి చెందినదని చూపించాయి. ఆ మాట వినగానే మన కడప, గోదావరి జిల్లాల వలస కూలీల వైపు వేలు చూపించనక్కరలేదు. వంశాలకి పెట్టినవి అవి మొదట కనిపించిన ప్రాంతాల పేర్లు. ఎవరు ఎవరికి అంటించారన్నది ఆ పేరుతో తేలదు.

ఐసీయూలో ఉన్న మన వాళ్ళ రక్తంలో ఈస్టు ఉందని డాక్టరు గారు చెబితే రెండు ప్రశ్నలు మర్యాదగా అడగవచ్చు: ఏ జాతి అండీ? ఏ పరీక్షతో తేల్చారు?