పిల్లల డర్ట్ బైకు ఎంపిక

డర్ట్ బైకు అనగా తారు రోడ్డు మీద కాక మట్టి దారులు, ఇసుక నేలలు, గుట్టలు, ప్రత్యేకంగా తీర్చిన పందెపు బాటల మీద నడపడానికి తయారుచేయబడిన తేలికపాటి మోటారుసైకిలు. పిల్లల కొరకు చిన్న పరిమాణంలో తయారయ్యే డర్ట్ బైకులు అమెరికా సంయుక్త రాష్ట్రాలు, ఐరోపా దేశాలు, ఆస్ట్రేలియాలలో ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. అక్కడ నాలుగైదేళ్ళ వయసులో నడపడం మొదలుపెట్టిన బాలబాలికలు పెద్దవారయ్యేలోపు సాధారణంగా మూడు నాలుగు బండ్లు మారుస్తారు. ఇలా ఒక బండి నుండి దానికంటె పెద్ద బండికి మారే సందర్భంలో ఏ బండిని, ఎప్పుడు, ఏ లక్షణాలను బట్టి ఎంచుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఎదిగే పిల్లలకు ఒక కొలత పెద్ద చొక్కా కొనడం చాలా ఇళ్ళలో అలవాటు. డర్ట్ బైకు విషయంలో ఈ అలవాటు ప్రమాదకరం. చొక్కా వదులైతే నష్టం లేదు కాని, కాళ్ళు అందని బండిని ఆపడం, నిలబెట్టడం, పడినప్పుడు లేవనెత్తడం పిల్లల వల్ల కాదు. కాబట్టి తరువాతి బండిని ఎంచుకొనడానికి నేటి ఎత్తు, నేటి బరువు, నేటి నైపుణ్యం మాత్రమే ప్రమాణాలు.

చరిత్ర

పిల్లల మోటారుసైకిళ్ళకు ఆద్యులుగా చెప్పదగినవి హోండా సంస్థ వారి జెడ్50 శ్రేణి బండ్లు. ఇవి 1960వ దశకం చివరిలో అమెరికా విపణిలో ప్రవేశించాయి. ఆ పరంపరలో 2000లో ఎక్స్.ఆర్.50ఆర్, 2004లో సి.ఆర్.ఎఫ్.50ఎఫ్ వచ్చాయి. యమహా సంస్థ 1981లో పి.డబ్ల్యు.50 అనే బండిని విడుదల చేసింది. గేర్లు, గొలుసు లేని ఈ చిన్న బండి నాలుగు దశాబ్దాలకు పైగా పెద్ద మార్పులు లేకుండా కొనసాగింది. కవాసాకి సంస్థ 2000లో కె.ఎక్స్.65, 2002లో కె.ఎల్.ఎక్స్.110 బండ్లను ప్రవేశపెట్టింది. ఆస్ట్రియా దేశపు కె.టి.ఎమ్. సంస్థ పందెముల కొరకు 50, 65, 85 సి.సి. బండ్లను తయారుచేస్తున్నది. 2019 తరువాత విద్యుత్తుతో నడిచే పిల్లల బండ్లు కూడా పెద్ద సంస్థల నుండి వచ్చాయి. వీటిలో కె.టి.ఎమ్. వారి ఎస్.ఎక్స్-ఇ 5 ఒకటి.

రెండు రకాలు

పిల్లల డర్ట్ బైకులను ముఖ్యంగా రెండు రకాలుగా విభజించవచ్చు.

* విహారపు బండ్లు: వీటిలో గాలితో చల్లబడే నాలుగు స్ట్రోకుల ఇంజను ఉంటుంది. శక్తి నెమ్మదిగా, సమంగా పెరుగుతుంది. షాక్ అబ్జార్బర్లు మెత్తగా ఉంటాయి. నిర్వహణ సులభం. హోండా సి.ఆర్.ఎఫ్., యమహా టి.టి-ఆర్., కవాసాకి కె.ఎల్.ఎక్స్. శ్రేణులు ఈ కోవకు చెందినవి.
* మోటోక్రాస్ బండ్లు: ఇవి పందెముల కొరకు ఉద్దేశించినవి. ద్రవంతో చల్లబడే రెండు స్ట్రోకుల ఇంజను, గట్టి షాక్ అబ్జార్బర్లు, తక్కువ బరువు వీటి లక్షణాలు. కె.టి.ఎమ్. ఎస్.ఎక్స్., కవాసాకి కె.ఎక్స్., యమహా వై.జెడ్. శ్రేణులు ఇందుకు ఉదాహరణలు.

సి.సి. ఎక్కువైతే బండి ఉద్ధృతం, తక్కువైతే సాధువు అనే అభిప్రాయం ఇక్కడ చెల్లదు. రెండు స్ట్రోకుల ఇంజనులో ఇరుసు తిరిగిన ప్రతిసారీ ఒక పేలుడు జరుగుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజనులో రెండు చుట్లకు ఒకసారి మాత్రమే జరుగుతుంది. అందువలన 65 సి.సి. మోటోక్రాస్ బండి 110 సి.సి. విహారపు బండి కంటె ఎక్కువ శక్తి ఇస్తుంది. పైగా ఆ శక్తి ఇంజను వేగం ఒక హద్దు దాటినప్పుడు ఒక్కసారిగా విజృంభిస్తుంది. కేవలం సి.సి. అంకె చూసి 65 సి.సి. బండి చిన్నది కదా అని కొన్నవారు, పిల్లవాడు దానిని అదుపు చేయలేకపోవడం చూసి ఆశ్చర్యపోవడానికి కారణం ఇదే.

మెట్ల వరుస

సీటు ఎత్తు ప్రకారం చూస్తే కొన్ని ప్రసిద్ధ బండ్లు ఈ క్రమంలో నిలుస్తాయి. అంకెలు సుమారుగా ఇవ్వబడినవి.

* యమహా పి.డబ్ల్యు.50: 48 సెం.మీ.; గేర్లు లేవు, క్లచ్ లివరు లేదు.
* హోండా సి.ఆర్.ఎఫ్.50ఎఫ్: 55 సెం.మీ.; 3 గేర్లు, క్లచ్ లివరు లేదు.
* హోండా సి.ఆర్.ఎఫ్.110ఎఫ్: 66 సెం.మీ.; 4 గేర్లు, క్లచ్ లివరు లేదు.
* యమహా టి.టి-ఆర్.110ఇ: 67 సెం.మీ.; 4 గేర్లు, క్లచ్ లివరు లేదు.
* కవాసాకి కె.ఎల్.ఎక్స్.110ఆర్ ఎల్: 73 సెం.మీ.; 4 గేర్లు, చేతి క్లచ్.
* హోండా సి.ఆర్.ఎఫ్.125ఎఫ్: 74 సెం.మీ.; 4 గేర్లు, చేతి క్లచ్. పెద్ద చక్రాల రకం 78 సెం.మీ.
* కె.టి.ఎమ్. 65 ఎస్.ఎక్స్.: 75 సెం.మీ.; 6 గేర్లు, చేతి క్లచ్.

ఎత్తుతో పాటు బరువు కూడా పెరుగుతుంది. సి.ఆర్.ఎఫ్.50ఎఫ్ సుమారు 50 కి.గ్రా., సి.ఆర్.ఎఫ్.110ఎఫ్ సుమారు 75 కి.గ్రా., సి.ఆర్.ఎఫ్.125ఎఫ్ సుమారు 90 కి.గ్రా. తూగుతాయి. అంటే 30 కి.గ్రా. బరువున్న పిల్లవాడు తనకంటె రెండున్నర రెట్లు బరువైన బండిని నేల మీది నుండి లేపవలసి రావచ్చు.

శరీర కొలతలు

బండి సీటు ఎత్తును ఒంటరిగా చూడరాదు. బాలుడు గాని, బాలిక గాని బూట్లు తొడుక్కొని సీటు మీద కూర్చున్నప్పుడు స్ప్రింగులు కొంత కుంగుతాయి. ఆ స్థితిలో పరీక్షించాలి.

* కొత్తగా నేర్చుకొనే వారికి రెండు పాదాల ముందు భాగాలు నేలకు గట్టిగా ఆనాలి.
* అనుభవం ఉన్నవారు ఒక పాదం పూర్తిగా ఆనితే సరిపోతుంది.
* ఫుట్‌రెస్టుల మీద నిలబడినప్పుడు మోకాళ్ళు కొద్దిగా వంగి, చేతులు చాచనవసరం లేకుండా హ్యాండిలును అందుకోవాలి.
* హ్యాండిలును పూర్తిగా ఇరుపక్కలకు తిప్పినా మోకాళ్ళకు తగలరాదు.
* బ్రేకు, క్లచ్ లివర్లు చేతివేళ్ళకు సులువుగా అందాలి. చాలా బండ్లలో లివరు దూరాన్ని మరతో సవరించవచ్చు.

స్ప్రింగుల గట్టిదనం చోదకుని బరువుకు తగినట్లు ఉండాలి. తేలికైన పిల్లవానికి గట్టి స్ప్రింగు ఉన్న బండి ప్రతి గతుకుకూ ఎగిరిపడుతుంది. బరువైన పిల్లవానికి మెత్తని స్ప్రింగు ఉంటే చిన్న దూకుడుకే అడుగంటుతుంది.

ఎడమ చేతి సమస్య

బండి మార్పులో పెద్దలు సాధారణంగా గమనించని చిక్కు ఒకటి ఉన్నది. పి.డబ్ల్యు.50, కె.టి.ఎమ్. 50 ఎస్.ఎక్స్. వంటి తొలి బండ్లలో ఎడమ చేతి లివరు వెనుక చక్రపు బ్రేకు. చేతి క్లచ్ ఉన్న తరువాతి బండ్లలో అదే స్థానంలో క్లచ్ ఉంటుంది. వెనుక బ్రేకు కుడి పాదానికి మారుతుంది. రెండు మూడేళ్ళపాటు ఎడమ చేయి నొక్కి ఆపడం అలవాటైన పిల్లలు కంగారులో మళ్ళీ ఎడమ చేయే నొక్కుతారు. అప్పుడు బండి ఆగకపోగా, ఇంజను పట్టు వదిలి వాలులో మరింత జోరుగా సాగుతుంది.

ఈ కారణం వలన పాద బ్రేకు ఉండి క్లచ్ లివరు లేని సి.ఆర్.ఎఫ్.110ఎఫ్, టి.టి-ఆర్.110ఇ వంటి బండ్లు మంచి మధ్య మెట్టుగా ఉపయోగపడతాయి. మొదట పాద బ్రేకు, గేర్లు అలవాటవుతాయి. ఆ తరువాత క్లచ్ నేర్చుకొంటే ఒకేసారి రెండు మూడు కొత్త పనుల భారం పడదు. నేరుగా క్లచ్ బండికి మారవలసి వస్తే, చదునైన ఖాళీ స్థలంలో ఆపడం, కదలడం మాత్రమే కొన్ని రోజులు సాధన చేయించాలి.

మారే సమయం

కింది లక్షణాలు కనిపిస్తే ప్రస్తుత బండి చిన్నదైపోయినట్లు గ్రహించవచ్చు.

* యాక్సిలరేటరును ఎప్పుడూ పూర్తిగా తిప్పి ఉంచవలసి రావడం.
* నిలబడి నడిపేటప్పుడు నడుము బాగా వంగిపోవడం, మోకాళ్ళు హ్యాండిలుకు తగలడం.
* చిన్న గతుకులకే షాక్ అబ్జార్బర్లు అడుగంటడం.

శరీరం పెరిగినంత మాత్రాన నైపుణ్యం పెరిగినట్లు కాదు. కిందికి చూడకుండా గేర్లు మార్చడం, రెండు బ్రేకులనూ కలిపి వాడటం, నిలబడి మలుపు తిరగడం, పడిన బండిని తానే లేపి తిరిగి నడిపించడం వచ్చిన తరువాతనే మార్పు మేలు. చాలా 65 సి.సి. మోటోక్రాస్ బండ్లను కిక్కు కొట్టి స్టార్టు చేయవలసిందే. ఆ బలం ఉన్నదో లేదో కొనేముందే చూడాలి. అన్నిటికంటె ముఖ్యంగా, కోరిక పిల్లలదై ఉండాలి. భయపడుతున్న పిల్లవానికి పెద్ద బండి ధైర్యాన్ని ఇవ్వదు.

పందెములలో తరగతులు

అమెరికాలో ఔత్సాహికుల మోటోక్రాస్ జాతీయ పోటీలు 1982 నుండి టెనెసీ రాష్ట్రంలోని హరికేన్ మిల్స్ వద్ద, గాయని లొరెట్టా లిన్ పేరుతో ప్రసిద్ధమైన క్షేత్రంలో జరుగుతున్నాయి. ఇక్కడ 51 సి.సి. తరగతి నాలుగేళ్ళ వయసు నుండి, 65 సి.సి. తరగతి ఏడేళ్ళ వయసు నుండి మొదలవుతుంది. అంతర్జాతీయ మోటారుసైకిల్ సమాఖ్య నిర్వహించే బాలుర ప్రపంచ పోటీలలో 65, 85, 125 సి.సి. తరగతులు ఉన్నాయి. అయితే ఇవి పోటీకి అర్హత తెలిపే వయసులు మాత్రమే. ఏడేళ్ళు నిండిన ప్రతి పిల్లవానికీ 65 సి.సి. బండి తగునని వీటి అర్థం కాదు.

భద్రత, వివాదాలు

పిల్లలు డర్ట్ బైకులు నడపడంపై అందరికీ ఏకాభిప్రాయం లేదు. పదహారేళ్ళలోపు పిల్లలు ఇటువంటి వాహనాలను నడపరాదని అమెరికా శిశువైద్యుల అకాడమీ 2000లో ప్రకటించింది. మరొక వైపు, 1973లో స్థాపించబడిన మోటారుసైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ తగిన బండి, శిక్షణ, పెద్దల పర్యవేక్షణ ఉండాలని చెబుతూ ఆరేళ్ళు దాటిన పిల్లలకు శిక్షణ తరగతులను రూపొందించింది.

బండి పరిమాణం ఎంత కీలకమో 2009లో అమెరికాలో జరిగిన ఒక ఉదంతం తెలుపుతుంది. పిల్లల వస్తువులలో సీసం పరిమాణాన్ని నియంత్రిస్తూ 2008లో చేసిన చట్టం 2009 ఫిబ్రవరి 10న అమలులోకి వచ్చింది. బొమ్మలను దృష్టిలో ఉంచుకొని చేసిన ఈ చట్టం పిల్లల మోటారుసైకిళ్ళకూ వర్తించింది. టైరు వాల్వులు, బ్యాటరీ కొనలు, కొన్ని లోహ భాగాలలో సీసం ఉన్నందున డీలర్లు చిన్న బండ్ల అమ్మకం నిలిపివేశారు. చిన్న బండ్లు దొరకకపోతే పిల్లలు పెద్దల బండ్లు ఎక్కుతారని, ఆ ప్రమాదం సీసం వలన కలిగే ప్రమాదం కంటె ఎక్కువని చోదకుల సంఘాలు వాదించాయి. 2009 మే నెలలో చట్టం అమలు తాత్కాలికంగా నిలిపివేయబడింది. 2011 ఆగస్టులో చేసిన సవరణ ఈ వాహనాలకు పూర్తి మినహాయింపు ఇచ్చింది.

ఏ బండి ఎక్కినా హెల్మెట్టు, కళ్ళద్దాలు, చేతి తొడుగులు, చీలమండను కప్పే బూట్లు, మోకాలు, మోచేయి, ఛాతీ కవచాలు తప్పనిసరి. బండితో పాటు ఇవి కూడా కొత్త కొలతకు మారాలి. హెల్మెట్టును ఒక కొలత పెద్దది కొనడం దానిని పెట్టుకోకపోవడం వంటిదే. అది తలమీద కదిలితే దెబ్బను ఆపలేదు.

పాత బండి కొనుగోలు

పిల్లలు బండిని రెండు మూడేళ్ళే వాడతారు కనుక వాడిన బండ్లు విరివిగా దొరుకుతాయి. విహారపు బండి అయితే చక్రాల పుల్లలు, గొలుసు, పళ్ళచక్రాలు, గాలి ఫిల్టరు, ఆయిలు రంగు చూస్తే చాలావరకు స్థితి తెలుస్తుంది. పందెముల కొరకు వాడిన రెండు స్ట్రోకుల బండిలో పిస్టను, రింగులు త్వరగా అరుగుతాయి. వాటిని చివరిసారి ఎప్పుడు మార్చారో అడిగి తెలుసుకోవాలి. కొన్న ధరతో పాటు ఈ మరమ్మతుల ఖర్చునూ లెక్కలోకి తీసుకోవాలి.

భారతదేశంలో

భారతదేశంలో మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం 18 ఏళ్ళు నిండని వారు బహిరంగ స్థలంలో మోటారు వాహనం నడపరాదు. 50 సి.సి. మించని ఇంజను గల మోటారుసైకిలుకు మాత్రం 16 ఏళ్ళ వయోపరిమితి ఉన్నది. 2019లో చేసిన సవరణ ప్రకారం మైనరు నేరం చేస్తే సంరక్షకునికి లేదా వాహన యజమానికి మూడేళ్ళ జైలు, 25,000 రూపాయల జరిమానా విధించవచ్చు. కాబట్టి పిల్లల డర్ట్ బైకులను మూసిన బాటలు, సొంత స్థలాలలో మాత్రమే నడపాలి.

పల్లెలలోను, పట్టణాలలోను పిల్లలు ఇంట్లోని 100 సి.సి. మోటారుసైకిలు మీద నేర్చుకోవడం కనిపిస్తుంది. అటువంటి బండి 100 కి.గ్రా. పైన బరువుండి, సీటు ఎత్తు 78 సెం.మీ. దాకా ఉంటుంది. అంటే పైన చెప్పిన వరుసలో పదేళ్ళ పిల్లవాడు మెట్లన్నీ దాటి చివరి మెట్టు మీదనే అడుగుపెట్టినట్లు. కాళ్ళు అందే బండి, తెలిసిన బ్రేకు, ఖాళీ స్థలం అనే మూడింటిలో ఏదీ అక్కడ ఉండదు.