ఎక్స్‌రే నార్మల్, ఎముక మాత్రం విరిగింది

ఎముక విరిగినా, కీలు తప్పినా మొదటి పరీక్షలో బయటపడకపోవడం ఎమర్జెన్సీ విభాగాల్లో కనిపించే రోగనిర్ధారణ లోపాల్లో అతి సాధారణమైనది. పెద్ద ఆసుపత్రి, చిన్న ఆసుపత్రి అన్న తేడా దీనికి లేదు. అయితే ఈ పొరపాట్లు శరీరంలో ఎక్కడపడితే అక్కడ జరగవు. మణికట్టు, మోచేయి, భుజం, తుంటి, పాదం నడిమి భాగం, మెడ అడుగున ఉన్న వెన్నుపూసలు, మళ్లీ మళ్లీ ఇవే చోట్లు. పొరపాటు ఎక్కడ జరుగుతుందో ముందే తెలిసినప్పుడు దాన్ని ఆపడం సాధ్యమే. అడ్డుపడేది చాలాసార్లు గాయం గురించి రోగికీ, ఇంట్లోవాళ్లకీ, కొన్నిసార్లు వైద్యుడికీ ఉన్న తప్పు నమ్మకాలే.

అపోహ: ఎక్స్‌రే నార్మల్ వచ్చిందంటే ఎముక విరగనట్టే

ఎక్స్‌రే చూపేది నీడ. కిరణం దారిలో ఉన్నవన్నీ ఒకదానిమీద ఒకటి పడి ఒకే తలంలో కనిపిస్తాయి. విరిగిన చీలిక కిరణం వెళ్లే దిశలోనే ఉంటే ఫిల్మ్ మీద గీత పడుతుంది. చీలిక అడ్డంగా ఉండి, ముక్కలు పక్కకు జరగకుండా ఉంటే ఏ గీతా పడదు. అందుకే ఏ ఎముకకైనా కనీసం రెండు కోణాల్లో, ముందు నుంచి ఒకటీ పక్క నుంచి ఒకటీ తీయాలన్నది పాత నియమం. కొన్ని ఎముకలకు అవి కూడా చాలవు.

అందుకు మొదటి ఉదాహరణ స్కాఫాయిడ్. మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకల్లో బొటనవేలి వైపు, జీడిపప్పులా వంగి ఉండే ఎముక ఇది. ఆ ఎనిమిదింటిలో అన్నిటికన్నా ఎక్కువగా విరిగేదీ ఇదే. బైక్ మీంచి జారి, పడేటప్పుడు అరచేయి నేలకు ఆన్చిన కుర్రాడికి ఈ ఎముక విరగవచ్చు. వాపు పెద్దగా ఉండదు, వేళ్లన్నీ కదుపుతాడు, ఆకారంలో తేడా ఉండదు. మొదటి రోజు ఎక్స్‌రేలో ఇలాంటి విరుపులు పదింట ఒకటి రెండు కనపడకుండా పోతాయి. ‘బెణుకే’ అని క్రేప్ బ్యాండేజీ చుట్టి పంపిస్తారు. నొప్పి కొన్ని వారాల్లో తగ్గుతుంది కూడా. అసలు నష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ఈ ఎముకకు రక్తం ప్రధానంగా వేళ్ల వైపు చివర నుంచి ప్రవేశించి, వెనక్కి, ముంజేయి వైపు ప్రయాణిస్తుంది. నడుమ విరిగితే ముంజేయి వైపు ముక్కకు రక్తం అందదు. అది అతకకుండా మిగిలిపోవచ్చు, నిర్జీవమైపోవచ్చు. కొన్నేళ్లకు మణికట్టంతా అరిగి, బకెట్ ఎత్తడమే కష్టమవుతుంది.

దీన్ని పట్టుకునేది ఫిల్మ్ కన్నా ముందు వైద్యుడి వేలు. బొటనవేలిని పైకి చాచితే దాని మొదట్లో, మణికట్టు పక్కన చిన్న గుంట ఏర్పడుతుంది. ఆ గుంటలో నొక్కినప్పుడు రోగి చేయి వెనక్కి లాక్కుంటే, ఎక్స్‌రే ఏం చెప్పినా స్కాఫాయిడ్ విరిగి ఉండవచ్చనే భావించాలి. మణికట్టును చిటికెనవేలి వైపు వంచి ప్రత్యేకంగా మరో ఎక్స్‌రే తీస్తారు. అందులోనూ కనపడకపోతే చేతికి స్ప్లింట్ వేసి, 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ తీస్తారు. ఈలోగా విరిగిన అంచుల వద్ద ఎముక కొంత కరిగి, మొదట కనపడని గీత తేలుతుంది. వెంటనే తేల్చుకోవాలంటే ఎంఆర్ఐ ఉంది. రెండు వారాల తర్వాత రమ్మనడంలో ఉన్న కారణం ఇది. నొప్పి తగ్గిందని మానేసేవాళ్లు చాలామంది. ఈ గాయం విషయంలో ఆ రెండో రాకే అసలు పరీక్ష.

అపోహ: కదపగలిగితే, నడవగలిగితే ఏమీ కాలేదు

బాత్రూంలో జారిపడిన పెద్దావిడ గోడ పట్టుకుని లేచి, నాలుగడుగులు వేసి మంచం మీద కూర్చుంటుంది. ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. తొడ ఎముక మెడ భాగం విరిగినా, ఒక ముక్క రెండోదానిలో దిగబడి బిగుసుకుపోతే కాలు బరువు మోయగలదు. కాలు పొట్టిపడటం, పాదం బయటికి తిరిగిపోవడం లాంటి పాఠ్యపుస్తకపు గుర్తులు అప్పుడు కనపడవు. తుంటి దగ్గరి నొప్పి నరాల దారిలో మోకాలికి దిగుతుంది కాబట్టి ఆవిడ ‘మోకాలు నొప్పి’ అంటుంది. మోకాలికి ఎక్స్‌రే తీస్తే వయసుకు తగ్గ అరుగుదల కనిపిస్తుంది. దానికే మాత్రలు రాసి పంపేస్తారు. కొన్ని రోజుల తర్వాత ఆ బిగుసుకున్న ముక్కలు జరిగి, కాలు కదపలేక మంచాన పడ్డాక గానీ తుంటి సంగతి తెలియదు. మొదటి రోజే పట్టుకుంటే కొన్ని స్క్రూలతో అయిపోయే పనికి, ఆలస్యమైతే కీలు మార్చాల్సి రావచ్చు.

తుంటికే ఎక్స్‌రే తీసినా, వృద్ధుల తుంటి విరుపుల్లో 2 నుంచి 10 శాతం దాకా అందులో కనపడవు. పడిన తర్వాత గజ్జలో నొప్పి ఉండి, పడుకోబెట్టి కాలును మెల్లగా లోపలికీ బయటికీ తిప్పితే బాధపడుతున్న వృద్ధురాలికి నార్మల్ ఎక్స్‌రే సరిపోదు. ఎంఆర్ఐ తీయాలి, వీలుకాకపోతే సీటీ. ఈ గాయంలో ప్రతి రోజు ఆలస్యానికీ పుండ్లు, న్యుమోనియా, రక్తం గడ్డకట్టడం లాంటి మూల్యం ఉంటుంది.

నడక అసలు పనికిరాని గుర్తేమీ కాదు, ఒక్కటే సరిపోదు అంతే. కెనడాలోని ఒట్టావాలో ఇయాన్ స్టీల్ బృందం 1992లో ప్రచురించిన చీలమండ నియమాలు దీన్ని చక్కగా వాడుకున్నాయి. దెబ్బ తగలగానే గానీ, ఆసుపత్రిలో గానీ నాలుగడుగులు వేయగలగాలి. దానితోపాటు, చీలమండకు రెండు వైపులా పొడుచుకొచ్చే ఎముకల వెనుక అంచున, పాదంలో నిర్దిష్టమైన రెండు చోట్ల, నొక్కితే నొప్పి ఉండకూడదు. ఈ రెండూ సరిగ్గా ఉంటే పెద్దవారిలో చీలమండకూ పాదం నడిమి భాగానికీ ఎక్స్‌రే లేకుండానే విరగలేదని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. ప్రతి బెణుకుకీ ఎక్స్‌రే తీయించుకోవాల్సిందే అన్న అపోహకు కూడా ఇదే జవాబు.

ఆ ధీమాను పాదం నడిమి కీళ్లకు మాత్రం అంటగట్టకూడదు. నెపోలియన్ సైన్యంలో పనిచేసిన ఫ్రెంచి శస్త్రవైద్యుడు లిస్‌ఫ్రాంక్ పేరుతో పిలిచే ఈ కీళ్ల వరుస జారితే, పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఎడం కనపడకపోవచ్చు. నిలబెట్టి, బరువు మోపించి తీస్తే బయటపడుతుంది. అరికాలు మధ్యలో కమిలిన మచ్చ ఉంటే బెణుకు అనుకోకూడదు.

అపోహ: కీలు తప్పితే చూడగానే తెలిసిపోతుంది

భుజం కీలు ముందుకు తప్పితే నిజంగానే చూడగానే తెలుస్తుంది, భుజం గుండ్రం పోయి చదునుగా మారుతుంది. వెనక్కి తప్పడం అరుదు, భుజం తప్పిన కేసుల్లో 2 నుంచి 4 శాతం. మొదటిసారి చూసినప్పుడు పట్టుబడకుండా పోయేవి మాత్రం ఇందులోనే ఎక్కువ. దీని కారణాలు ప్రత్యేకమైనవి. ఫిట్స్ వచ్చినప్పుడు, కరెంట్ షాక్ కొట్టినప్పుడు భుజం చుట్టూ కండరాలన్నీ ఒకేసారి బిగుస్తాయి. చేతిని లోపలికి తిప్పే కండరాలు బలమైనవి కాబట్టి అవి గెలిచి, ఎముక తలను వెనక్కి నెడతాయి. పొలంలో మోటారు స్టార్టర్ దగ్గర షాక్ కొట్టిన రైతు విషయంలో అందరి ధ్యాసా గుండె మీదా కాలిన చర్మం మీదా ఉంటుంది, ఉండాలి కూడా. భుజం నొప్పిని ఎవరూ పట్టించుకోరు.

ముందు నుంచి తీసిన ఎక్స్‌రేలో కీలు దాదాపు సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. లోపలికి తిరిగిపోవడం వల్ల ఎముక తల మాత్రం గుండ్రంగా బల్బులా కనిపిస్తుంది, రేడియాలజిస్టులు దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. చంక వైపు నుంచి మరో ఫిల్మ్ తీస్తే సందేహం తీరిపోతుంది. అదీ లేకపోయినా ఒక చిన్న పరీక్ష ఉంది. మోచేతిని ఒంటికి ఆన్చి మడిచి, ముంజేతిని బయటికి తిప్పమనాలి. ఈ రోగి చేయి పొట్టకు అంటుకుని ఉంటుంది, బయటికి తిరగదు, వైద్యుడు తిప్పబోయినా కదలదు. ఇది పట్టుబడకపోతే వారాల తర్వాత ‘భుజం పట్టేసింది’ అని పేరు పెట్టి వ్యాయామాలు చేయిస్తారు. మధుమేహం ఉన్నవారికి భుజం పట్టేయడం మామూలే కనుక ఆ పేరు మరీ సులువుగా అతుక్కుంటుంది. పక్కకు జరిగి ఉన్న కీలుకు ఎన్ని వ్యాయామాలు చేయించినా ఫలితం ఉండదు.

మోకాలి కీలు తప్పడంలో ప్రమాదం ఇంకో రకం. ప్రమాద స్థలంలో తప్పిన కీలు, ఆసుపత్రికి వచ్చేసరికి దానంతటదే సర్దుకోవచ్చు. ఎక్స్‌రేలో ఎముకలు సరిగ్గా ఉంటాయి. మోకాలి వెనుక రక్తనాళం మాత్రం చిరిగి ఉండవచ్చు. పాదంలో నాడి చూడటం, చేతిలోనూ చీలమండ దగ్గరా రక్తపోటు కొలిచి పోల్చడం ఇక్కడ ఎక్స్‌రే కన్నా ముఖ్యం. రక్తప్రసరణ ఆగిన కాలును కాపాడటానికి ఉండే వ్యవధి దాదాపు ఆరు గంటలే.

అపోహ: విరిగింది దొరికింది కాబట్టి పరీక్ష పూర్తయింది

ఒక గాయం కనిపించగానే వెతుకులాట ఆగిపోవడం మనిషి మనసు స్వభావం. గాయాలు మాత్రం జంటగా వచ్చే అలవాటు ఉన్నవి. ముంజేతిలో రెండు ఎముకలు రెండు చివరలా కట్టుబడి ఉంటాయి. ఒకటి విరిగి పొట్టిపడితే రెండోది కూడా విరగాలి, లేదా ఏదో ఒక చివర కీలు తప్పాలి. చిటికెనవేలి వైపు ఎముక విరిగి మోచేతి దగ్గర రెండో ఎముక తల జారిపోవడాన్ని మిలాన్ శస్త్రవైద్యుడు మాంటెజియా 1814లోనే వర్ణించాడు. రెండు శతాబ్దాలు దాటినా ఇప్పటికీ ముంజేయి విరుపుకే కట్టు వేసి, మోచేతిని మరిచిపోవడం జరుగుతూనే ఉంది, పిల్లల్లో మరీ ఎక్కువగా. విరిగిన ఎముక పైనా కిందా ఉన్న రెండు కీళ్లూ ఫిల్మ్‌లో ఉండాలన్న నియమం ఇందుకే.

తాటిచెట్టు మీంచి పడిన గీత కార్మికుడు కాళ్ల మీద దిగితే మడమ ఎముక నుజ్జవుతుంది. మడమ నొప్పి భరించలేనిది కాబట్టి నడుము గురించి అతను చెప్పడు. ఇలా మడమ విరిగినవారిలో పదిమందిలో ఒకరికి నడుము వెన్నుపూస కూడా విరిగి ఉంటుంది. రెండో మడమ, మోకాలు, తుంటి, వెన్ను అన్నీ చూశాకే పరీక్ష పూర్తయినట్టు. మెడ ఎక్స్‌రేలోనూ ఇదే చిక్కు. భుజాలు అడ్డుపడి ఏడో వెన్నుపూస కనపడకపోతే, కనిపించిన ఆరింటిని చూసి మెడ బాగుందని తేల్చడానికి వీల్లేదు.

అపోహ: పిల్లల ఎముకలు లేతవి, వంగుతాయే గానీ విరగవు

పిల్లల ఎముకల చివర పెరుగుదల జరిగే మృదులాస్థి పొర ఉంటుంది, అది ఎక్స్‌రేలో కనపడదు. చుట్టూ ఉన్న స్నాయువుల కన్నా అదే బలహీనం. అందుకని పెద్దవాళ్లకు బెణుకు అయ్యే చోట పిల్లలకు ఆ పొర చీలవచ్చు. సాల్టర్, హ్యారిస్ 1963లో చేసిన వర్గీకరణలో మొదటి రకం చీలిక ఎక్స్‌రేలో పూర్తిగా నార్మల్‌గా ఉండవచ్చు. మోచేతికి దెబ్బ తగిలినప్పుడు ఎముక బదులు దాని వెనుక కొవ్వును చూస్తారు. పక్క నుంచి తీసిన ఫిల్మ్‌లో ఎముక వెనుక నల్లటి నీడ తేలితే, కీలులో రక్తం చేరి కొవ్వును బయటికి నెట్టిందని అర్థం. గీత కనపడకపోయినా విరిగినట్టే భావించి కట్టు వేస్తారు. నడక నేర్చిన పసివాడు ఉన్నట్టుండి కాలు కింద పెట్టకపోతే పిక్క ఎముకలో సన్నటి మెలి విరుపు ఉండవచ్చు. పడింది ఎవరూ చూడకపోయినా సరే.

అపోహ: తప్పు జరిగిందంటే డాక్టరుకు ఎక్స్‌రే చదవడం రాదు

ఫిల్మ్‌లో ఉన్నదాన్ని చూడలేకపోవడం ఒక కారణమే. అవసరమైన కోణంలో ఫిల్మ్ అడగకపోవడం, నొప్పి ఉన్న చోటు కాక పక్క చోటు తీయించడం అంతే పెద్ద కారణాలు. అర్ధరాత్రి డ్యూటీ డాక్టర్ ఒక్కడే ఫిల్మ్ చూసి నిర్ణయం తీసుకుంటాడు, రేడియాలజిస్టు చూసేది మర్నాడు. ఆ రెండు అభిప్రాయాలనూ పోల్చి, తేడా వస్తే రోగికి ఫోన్ చేసి పిలిపించే పద్ధతి ఉన్న చోట నష్టం చాలావరకు తగ్గుతుంది. ఫోన్ నంబరు సరిగ్గా రాయించుకోవడం కూడా వైద్యంలో భాగమే. ఎక్స్‌రే చీటీ మీద ‘చేతి నొప్పి’ అని రాస్తే చేతి ఫిల్మ్ వస్తుంది. ‘బొటనవేలి మొదట్లో గుంటలో నొప్పి, స్కాఫాయిడ్ అనుమానం’ అని రాస్తే తీసే కోణమూ, చూసే కన్నూ రెండూ మారతాయి.

మణికట్టు విరుపులను గుర్తించే కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్‌కు అమెరికా ఎఫ్‌డీఏ 2018లోనే అనుమతి ఇచ్చింది. అలసిన కంటికి అది మంచి తోడు. తీయని ఫిల్మ్‌ను మాత్రం అదీ చదవలేదు. సీటీ తీస్తే ఇక తిరుగులేదన్న నమ్మకమూ సరికాదు. ముక్కలు జరగని సన్నటి విరుపులను, ఎముకలు గుల్లబారిన వృద్ధుల్లో ముఖ్యంగా, ఎంఆర్ఐ ఇంకా బాగా పట్టుకుంటుంది.

అపోహ: ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు కాబట్టి రుద్దించి కట్టు కట్టిస్తే సరిపోతుంది

ఫిల్మ్‌లో కనపడని విరుపును నూనె పెట్టి రుద్దితే, కదలకుండా ఉన్న ముక్కలు కదులుతాయి. వాపు పెరుగుతున్న చేతికి వెదురుబద్దలతో బిగించి కట్టినా, సిమెంట్ కట్టే మరీ బిగుతుగా వేసినా లోపల ఒత్తిడి పెరిగి కండరాలకు రక్తం ఆగుతుంది. జర్మన్ శస్త్రవైద్యుడు ఫోక్‌మన్ 1881లో వర్ణించిన, వేళ్లు ముడుచుకుపోయి చేయి పక్షి పంజాలా మారే వైకల్యం అలాగే వస్తుంది. కట్టు ఎవరు కట్టినా, వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా, వేలిని మెల్లగా చాపితే అరుపు వచ్చేంత నొప్పి ఉన్నా తెల్లవారేదాకా ఆగకుండా కట్టు విప్పించాలి. మిగతా గాయాల్లో తిరిగి ఆసుపత్రికి వెళ్లాల్సిన గుర్తులు ఇంత తీవ్రంగా ఉండవు. వారం దాటినా ఒకే చోట నొక్కితే నొప్పి, తగ్గని వాపు, కాలు మీద బరువు మోపలేకపోవడం, ఒక దిశలో అసలు తిరగని కీలు ఉంటే చాలు. అప్పుడు మొదటి రోజు ఫిల్మ్ వెంట తీసుకెళ్లాలి. రెండు ఫిల్ములను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, మొదటిదాంట్లో లేని గీత రెండోదాంట్లో ఎక్కడ వచ్చిందో ఎముకల డాక్టరుకు తెలుస్తుంది.