చిన్న అతిథి గృహాలలో మద్యం లైసెన్సు (ఇంగ్లాండు, వేల్సు)

ఇంగ్లాండు, వేల్సులలోని చిన్న అతిథి గృహాల యజమానులు తమ వద్ద బస చేసినవారికి మద్యం అమ్మాలంటే 2003 నాటి లైసెన్సింగ్ చట్టం ప్రకారం స్థానిక కౌన్సిల్ నుండి అనుమతి పొందవలసి ఉంటుంది. తెలుగునాట అతిథి గృహం అనగానే ప్రభుత్వ గెస్టుహౌసు మనసులో మెదులుతుంది. బ్రిటనులో ఈ మాటకు అర్థం వేరు. ఒక కుటుంబం సాధారణంగా తాను నివసించే ఇంటిలోనే కొన్ని గదులు అద్దెకిచ్చి, ఉదయం ఫలహారం పెట్టే వ్యాపారమిది. దీనినే "బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్" అని కూడా అంటారు.

చరిత్ర

1964 నాటి చట్టం క్రింద మద్యం లైసెన్సులను మేజిస్ట్రేట్లు ఇచ్చేవారు. బస చేసినవారికి అమ్ముకొనే గృహాలకు "రెసిడెన్షియల్ లైసెన్సు" అనే ప్రత్యేక తరగతి ఉండేది. 2003 చట్టం 2005 నవంబరు 24న అమలులోకి వచ్చి ఈ తరగతులను తొలగించినది. అధికారం కౌన్సిళ్ళకు బదిలీ అయినది. దీనితో నాలుగు గదుల ఇంటికైనా, నగరం నడిబొడ్డున ఉన్న పబ్బుకైనా దరఖాస్తు పద్ధతి ఒక్కటే అయినది.

ఏది అమ్మకం?

యజమానులు పొరబడే అవకాశం ఎక్కువగా ఉన్నది ఇక్కడే. మద్యానికి విడిగా బిల్లు వేయకపోతే అది అమ్మకం కాదనుకోవడం సరికాదు. గది అద్దెలో కలిపి ఇచ్చే వైను గ్లాసు, పెళ్ళిరోజు ప్యాకేజీలో ఇచ్చే షాంపేను సీసా "ఉచితం" అని ప్రకటించినప్పటికీ అమ్మకంగానే పరిగణింపబడతాయి, ఎందుకంటే వాటి ధర అతిథి చెల్లించిన మొత్తంలోనే ఉన్నది. అతిథి తానే పోసుకొని డబ్బు పెట్టెలో వేసే "ఆనెస్టీ బార్" కూడా అంతే. అతిథి బయట కొని తెచ్చుకొన్న సీసాను తన గదిలో త్రాగితే మాత్రం యజమానికి లైసెన్సు అవసరం లేదు. అనుమతి లేని అమ్మకానికి ఆరు నెలల వరకు జైలు, పరిమితి లేని జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఆతిథ్యంగా భావించి గ్లాసు అందించిన గృహిణికి కూడా ఇదే సెక్షను వర్తిస్తుంది.

కావలసిన అనుమతులు

లైసెన్సులు రెండు రకాలు. ప్రాంగణానికి ఇచ్చేది "ప్రెమిసెస్ లైసెన్సు", వ్యక్తికి ఇచ్చేది "పర్సనల్ లైసెన్సు". రెండవదానికి 18 ఏళ్ళు నిండి, గుర్తింపు పొందిన ఒక చిన్న పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. రుసుము 37 పౌండ్లు. ఇది కలిగిన ఒకరిని ప్రాంగణానికి పర్యవేక్షకునిగా నియమించాలి. చిన్న గృహాలలో సాధారణంగా యజమానే ఆ బాధ్యత వహిస్తారు.

ప్రాంగణ రుసుము ఆస్తి పన్ను విలువను బట్టి ఉంటుంది. వ్యాపార పన్ను పరిధిలోకి రాని చిన్న ఇళ్ళు అట్టడుగు శ్రేణిలో చేరుతాయి. వీటికి దరఖాస్తుకు 100, ఆపై ఏటా 70 పౌండ్లు. 2005 నిబంధనల ప్రకారం లేత నీలిరంగు నోటీసును 28 రోజులు ఇంటి ముందు అతికించి, స్థానిక పత్రికలో ప్రకటన కూడా ఇవ్వాలి. ఆ ప్రకటన ఖర్చు రుసుమును మించిపోవడం కద్దు. పొరుగువారు గాని, పోలీసులు గాని అభ్యంతరం తెలపకపోతే కౌన్సిల్ లైసెన్సు ఇచ్చి తీరాలి. తిరస్కరించే స్వేచ్ఛ దానికి లేదు. అభ్యంతరాలు కూడా నాలుగు అంశాలకే పరిమితం: నేర నివారణ, ప్రజా భద్రత, ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలగకుండుట, పిల్లల రక్షణ.

ఎప్పుడో ఒకసారి జరిగే వేడుకకు పూర్తి లైసెన్సు అక్కరలేదు. 21 పౌండ్లు చెల్లించి తాత్కాలిక నోటీసు ఇస్తే చాలు.

సడలింపు ప్రయత్నం

ఇటువంటి చిన్న అమ్మకందారుల కొరకు 2015 నాటి డీరెగ్యులేషన్ చట్టంలో ఒక సులభ నోటీసు పద్ధతిని చేర్చారు. అయితే దానిని అమలు చేయవద్దని 2017లో ప్రభువుల సభ కమిటీ సిఫారసు చేసినది. దానితో ఆ సెక్షను కాగితానికే పరిమితమైనది.

స్కాట్లాండుకు 2005 నాటి వేరు చట్టం కలదు. అందులో ప్రజారోగ్యం ఐదవ లక్ష్యంగా ఉన్నది. ఉత్తర ఐర్లాండులో లైసెన్సులు నేటికీ న్యాయస్థానాలే ఇస్తాయి.