‘గో’ ఆడదామా? ముందు ఓడిపోదాం!

కొలకలూరు లాంటి ఊళ్లలో అరుగు మీద సుద్దముక్కతో గీసి ఆడుకునే పులి-మేక గుర్తుందా? మేకలన్నీ చుట్టుముట్టి కదలనీయకుండా చేస్తే పులి పనైపోయినట్టే. అలా చుట్టుముట్టడమే ప్రాణంగా చైనాలో 2500 ఏళ్ల కిందటే ఓ ఆట పుట్టింది. అక్కడ దాని పేరు వైచీ. కొరియాలో బదుక్‌. జపాన్‌ నుంచి వచ్చిన ‘గో’ అనే పేరే మిగతా ప్రపంచానికి అలవాటైంది. ఉద్యోగాల వేటలో ఉంటే ఆటలేంటి అంటారా? ఆ వేటకు పనికొచ్చే సంగతులే ఇందులో ఉన్నాయి.

నియమాలు గుప్పెడే

బోర్డు మీద అడ్డంగా 19, నిలువుగా 19 గీతలు. అవి కలిసే చోట్లు 361. ఒకరివి నల్ల రాళ్లు, మరొకరివి తెల్లవి. నలుపుతో ఆట మొదలు. వంతులవారీగా ఒక్కో రాయి పెట్టాలి. పెట్టాక కదపకూడదు. గీతల వెంట ఆనుకున్న ఖాళీ ఒక్కటీ మిగలకుండా మూసేస్తే, ఆ రాయి లేదా రాళ్ల గుంపు బయటికి పోతుంది. చివరికి ఎక్కువ జాగా దక్కించుకున్నవాళ్లదే గెలుపు.

ఓటమిని చదవండి

మొదటి వంద ఆటలూ వీలైనంత త్వరగా ఓడిపొమ్మని కొత్తవాళ్లకు గో ఆటగాళ్లు చెబుతుంటారు. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఒకటే. ఎలాగూ పోయే నాలుగు రాళ్లను కాపాడబోయి బోర్డంతా పోగొట్టుకుంటారు. ఒక్క నోటిఫికేషన్‌ కోసమే ఏళ్లు గడిపేసి మిగతా దారులు మూసుకోవడమూ అలాంటిదే కదా!

ఆట అయ్యాక ఇద్దరూ కూర్చుని ఎత్తులన్నీ మళ్లీ పరిచి చూసుకోవడం ఇక్కడి ఆనవాయితీ. ఇంటర్వ్యూ పోయిన రోజు సాయంత్రం మీరూ అదే చేయండి. ఏ ప్రశ్న దగ్గర తడబడ్డారో కాగితం మీద పెట్టండి.

2016 మార్చిలో సియోల్‌లో కొరియా దిగ్గజం లీ సెడోల్‌ గూగుల్‌ డీప్‌మైండ్‌ ప్రోగ్రామ్‌ ఆల్ఫాగోతో తలపడ్డారు. అయిదు ఆటల్లో మొదటి మూడూ ఓడారు. సిరీస్‌ అప్పటికే పోయింది. అయినా నాలుగో ఆటలో 78వ ఎత్తుతో మలుపు తిప్పి గెలిచారు. చివరికి 4-1తో ఓడినా, జనం ఇప్పటికీ చెప్పుకొనేది ఆ ఒక్క గెలుపునే.

కోడింగ్‌ వాళ్లకు ప్రాజెక్టు

ఆల్ఫాగో వెనకున్న డీప్‌మైండ్‌ అధినేత డెమిస్‌ హసాబిస్‌ ఆ తర్వాత ప్రొటీన్ల ఆకృతిని అంచనా వేసే పనికి 2024లో రసాయనశాస్త్ర నోబెల్‌ పంచుకున్నారు. మీరు అంత దూరం వెళ్లక్కర్లేదు. 9×9 బోర్డుకు ప్రోగ్రామ్‌ రాయండి. ఓ గుంపుకు ఖాళీ మిగిలిందో లేదో కనిపెట్టడమంటే క్లాసులో చదివిన బీఎఫ్‌ఎస్‌, డీఎఫ్‌ఎస్‌లే. రెజ్యుమెలో ‘హాబీ: గో’ అని రాస్తే ఉద్యోగం రాదు. సొంతంగా రాసిన కోడ్‌ను విడమర్చి చెప్పగలిగితే మాత్రం ఇంటర్వ్యూలో మాట్లాడటానికి సరుకు ఉంటుంది.

ఇలా మొదలుపెట్టండి

* మొదట 9×9, తర్వాత 13×13, ఆపైన 19×19.
* చార్టు మీద గీతలు గీసి ఒకరు చింతపిక్కలు, ఒకరు బఠాణీలు తీసుకుంటే చాలు. పైసా ఖర్చు లేదు.
* ఆన్‌లైన్‌ గో సర్వర్‌ (ఓజీఎస్‌)లో ఉచితంగా ఆడొచ్చు. తెనాలి-గుంటూరు రైలు ప్రయాణంలో ఓ చిన్న ఆట అయిపోతుంది.
* మీకన్నా గట్టివాళ్లతో ఆడండి. బలహీనులకు ముందుగానే 2 నుంచి 9 రాళ్లు ఇచ్చే పద్ధతి ఉంది. అడగడానికి మొహమాటం వద్దు.