గ్రంథపాలకుని కొత్త చదువు

గ్రంథాలయమనగానే వరుసలు తీరిన బీరువాలు, మౌనంగా చదువుకొనే పాఠకులు, ఒక మూల బల్ల ముందు కూర్చొని పుస్తకాలపై తేదీ ముద్ర వేసే గ్రంథపాలకుడు మనసుకు తోస్తారు. ఈ చిత్రాన్ని బట్టి గ్రంథపాలకుడు పుస్తకాలకు కాపలాదారుడని పలువురు భావిస్తారు. అతని వృత్తిధర్మం అంతకంటె విశాలమైనది. అడిగినవారికి అడిగిన గ్రంథాన్ని అందించడం, ఏమి అడగాలో తెలియనివారికి దారి చూపడం ఆ ధర్మంలోని రెండు ముఖ్యాంశాలు. తాళపత్రాల కాలంలో ఈ పనికి జ్ఞాపకశక్తి, చేతివ్రాత పట్టికలు సాధనాలయ్యాయి. అచ్చు పుస్తకాలు పెరిగిన తరువాత సూచిక కార్డుల పెట్టెలు వచ్చాయి. ఆపైన కంప్యూటరు, అంతర్జాలం వచ్చాయి. సాధనం మారిన ప్రతిసారీ గ్రంథపాలకుడు మళ్లీ విద్యార్థి కావలసి వచ్చింది. ముఖ్యంగా పాఠశాల గ్రంథపాలకునికి ఇది కఠిన పరీక్ష. తన వద్దకు వచ్చే పిల్లలకు ముందే తెలిసిన విద్యను నడివయసులో అతడు మొదటినుండి నేర్చుకోవలసి వస్తుంది.

ఈ విషయంలో భారతీయ గ్రంథాలయ శాస్త్ర పితామహుడిగా పేరొందిన ఎస్.ఆర్. రంగనాథన్ జీవితమే ఒక నిదర్శనం. ఆయన గణితాధ్యాపకుడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడిగా నియమితుడయ్యే నాటికి ఆయనకు ఆ వృత్తిలో శిక్షణ లేదు. లండను వెళ్లి ఆ శాస్త్రాన్ని అభ్యసించి తిరిగి వచ్చాడు. 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలను ప్రతిపాదించాడు. పుస్తకాలు ఉపయోగం కోసమేనని, ప్రతి పాఠకునికీ తగిన పుస్తకం ఉండాలని, ప్రతి పుస్తకానికీ తగిన పాఠకుడు దొరకాలని, పాఠకుని కాలం వృథా కాకూడదని మొదటి నాలుగు సూత్రాల సారాంశం. గ్రంథాలయం నిరంతరం పెరిగే జీవి అని అయిదవ సూత్రం చెబుతుంది. గ్రంథాలయం పెరుగుతున్నప్పుడు దానిని నడిపేవాడు పెరగకుండా ఉండటం సాధ్యం కాదు. ఇరవై ఒకటవ శతాబ్ది ఆరంభంలో ఈ సత్యం ప్రపంచంలోని గ్రంథపాలకులందరికీ కొత్తగా అనుభవానికి వచ్చింది.

తొలి దశలో అంతర్జాలం ఒక పెద్ద ప్రకటనల గోడ వంటిది. కొద్దిమంది వ్రాసేవారు, తక్కినవారు చదివేవారు. 2000 తరువాతి సంవత్సరాలలో ఈ స్థితి వేగంగా మారింది. సాంకేతిక పరిజ్ఞానం లేని సామాన్యుడు సైతం తన వ్రాతను, ఛాయాచిత్రాన్ని, గొంతును లోకం ముందు ఉంచగలిగే సాధనాలు వచ్చాయి. 2001లో వికీపీడియా, 2004లో ఫ్లికర్, 2005లో యూట్యూబ్ ప్రారంభమయ్యాయి. సొంత దినచర్యలా వ్రాసుకొనే బ్లాగులు లక్షల సంఖ్యలో వెలిశాయి. ఈ రెండవ దశకు వెబ్ 2.0 అనే పేరు స్థిరపడింది. విద్యార్థులు ఆటలాడుతూ ఈ సాధనాలను అలవరచుకున్నారు. వారికి దారి చూపవలసిన గ్రంథపాలకులలో అనేకులు గడప ఇవతలే ఉండిపోయారు.

ఈ అంతరాన్ని పూడ్చడానికి అమెరికాలో ఒక ప్రయత్నం జరిగింది. నార్త్ కరోలినా రాష్ట్రంలోని షార్లెట్ నగర ప్రజా గ్రంథాలయంలో సాంకేతిక విభాగాన్ని నిర్వహించిన హెలీన్ బ్లోవర్స్ 2006లో తమ సిబ్బంది కోసం ఒక అభ్యాస ప్రణాళికను రూపొందించింది. అందులో మొత్తం ఇరవైమూడు పనులు ఉన్నాయి. అందువల్ల అది ‘ఇరవైమూడు అంశాలు’ అనే పేరుతో ప్రసిద్ధి పొందింది. సొంత బ్లాగు ప్రారంభించడం, ఛాయాచిత్రాలను పంచుకోవడం, వార్తలను ఒకచోట చేర్చుకోవడం, ఇంట ఉన్న పుస్తకాలకు అంతర్జాలంలో సూచిక తయారు చేయడం, పలువురు కలిసి వ్రాసే వికీలో ఒక వాక్యం చేర్చడం వంటివి ఆ పనులు. చెన్నై కేంద్రంగా పెరిగిన జోహో సంస్థ వారి వ్రాత సాధనం కూడా ఆ పట్టికలో చోటు చేసుకుంది.

ఆ ప్రణాళికలో తరగతి గది లేదు. ముందు నిలిచి బోధించే గురువు లేడు. ప్రతి ఉద్యోగీ తన వీలును బట్టి ఒక్కొక్క పనిని స్వయంగా ప్రయత్నించాలి. తెలియకపోతే పక్కవారిని అడగాలి. తెలిసిన తరువాత పక్కవారికి చెప్పాలి. ఆ అనుభవాన్ని తన బ్లాగులో నాలుగు మాటలు వ్రాయాలి. అన్ని పనులూ పూర్తి చేసినవారికి పాటలు వినే చిన్న యంత్రాన్ని బహుమతిగా ఇచ్చారు. సాధనాల జోలికి పోకముందే మొదటి పాఠంగా జీవితాంతం నేర్చుకొనేవారికి ఉండవలసిన ఏడున్నర అలవాట్లను పరిచయం చేశారు. తన చదువుకు తానే బాధ్యత వహించడం, సమస్యను సవాలుగా స్వీకరించడం, నేర్చినది మరొకరికి నేర్పడం వాటిలో కొన్ని. చివరి అర అలవాటు ఆట. తప్పు చేస్తే యంత్రం పాడైపోతుందన్న భయం ఉన్నవారికి ఆడుకోవచ్చునని అనుమతి ఇవ్వడమే గొప్ప ఊరట.

ఈ ప్రణాళికను ఎవరైనా ఉచితంగా వాడుకొనేటట్లు అనుమతించారు. ఫలితంగా కొద్దికాలంలోనే పలు దేశాల గ్రంథాలయాలు దానిని తమకు అనుగుణంగా మార్చుకున్నాయి. కాలిఫోర్నియా పాఠశాల గ్రంథాలయ సంఘం 2007లో పాఠశాల గ్రంథపాలకుల కోసం ప్రత్యేకంగా ఒక రూపాన్ని సిద్ధం చేసింది. ప్రజా గ్రంథాలయంలో పలువురు సిబ్బంది ఉంటారు. పాఠశాలలో సాధారణంగా గ్రంథపాలకుడు ఒక్కడే. సందేహం వస్తే అడగడానికి పక్క బల్ల వద్ద సహోద్యోగి ఉండడు. దూరదూర ప్రాంతాల పాఠశాలలలో ఒంటరిగా పనిచేసేవారు ఒకరి బ్లాగును ఒకరు చదువుకొని, ఒకరి సందేహాన్ని ఒకరు తీర్చుకొనే అవకాశం ఈ విధంగా ఏర్పడింది.

ఈ సాధనాలు గ్రంథపాలకుని పాత విద్యను ఎలా పరీక్షించాయో తెలుసుకోవడానికి ఒక ఉదాహరణ చాలు. 2003లో మొదలైన డెలీషియస్ అనే సేవ ద్వారా పాఠకుడు తనకు నచ్చిన అంతర్జాల పుటను దాచుకొని, దానికి తోచిన గుర్తుమాటలు తగిలించవచ్చు. గ్రంథాలయ వర్గీకరణ పద్ధతి ఇందుకు భిన్నమైనది. మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ వర్గీకరణలో విజ్ఞానమంతా పది తరగతులుగా విభజింపబడింది. ప్రతి గ్రంథానికీ ఒక సంఖ్య, బీరువాలో ఒక స్థానం ఉంటాయి. తెలుగు సాహిత్యానికి ఆ పద్ధతిలో 894.827 అనే సంఖ్య కేటాయించారు. కృష్ణానదిపై ఒక గ్రంథం ఉందనుకుంటే, దానిని భూగోళంలో ఉంచాలా, నీటిపారుదలలో ఉంచాలా, చరిత్రలో ఉంచాలా అని గ్రంథపాలకుడు ఆలోచించి ఒకచోట నిలపాలి. గుర్తుమాటలకు ఈ చిక్కు లేదు. మూడింటినీ తగిలించవచ్చు.

అయితే స్వేచ్ఛకు మరొక ముఖం ఉంది. ఒకరు ‘గ్రంథం’ అని వ్రాస్తారు, మరొకరు ‘గ్రంధం’ అని వ్రాస్తారు. ఒకరు ‘కథ’ అంటారు, మరొకరు ‘కధ’ అంటారు. మనిషి కంటికి ఇవి ఒకటే. అక్షరాన్ని అక్షరంతో సరిపోల్చి వెదికే యంత్రానికి ఇవి వేర్వేరు మాటలు. ఒక రూపంతో వెదికినవారికి రెండవ రూపంలో దాగినది కనబడదు. ఒక పేరుకు ఒక ప్రామాణిక రూపాన్ని నిర్ణయించి, తక్కిన రూపాలనుండి దానికి దారి చూపడం గ్రంథపాలకులు కార్డుల కాలంనుండి చేస్తున్న పని. కొత్త సాధనం నేర్చుకున్నప్పుడే ఆ పాత విద్య విలువ వారికి మరింత స్పష్టంగా తెలిసింది.

పిల్లల విషయంలో ప్రమాదం ఇంకా పెద్దది. 1998లో అంతర్జాలంలో ఒక వింత పుట వెలసింది. వాయవ్య అమెరికా అడవులలో చెట్లపై నివసించే ఆక్టోపస్ ఉన్నదని, ఆ జాతి అంతరించిపోతున్నదని, దానిని కాపాడాలని అందులో ఉంది. ఆక్టోపస్ సముద్రజీవి. చెట్లపై నివసించే ఆక్టోపస్ లేనేలేదు. పుట యావత్తూ వినోదం కోసం అల్లిన కల్పన. కనెక్టికట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దానిని ఏడవ తరగతి విద్యార్థులకు చూపినప్పుడు దాదాపు అందరూ నమ్మారు. వారు చదవడం రానివారు కారు. అంతర్జాలాన్ని వాడటంలోనూ నేర్పరులే. వ్రాసినవారెవరు, ఆధారమేమిటి, ఇతర గ్రంథాలు ఏమంటున్నాయి అనే ప్రశ్నలు వేసే అలవాటు మాత్రం వారికి లేదు. ఆ ప్రశ్నలు నేర్పవలసినవాడు పాఠశాల గ్రంథపాలకుడు. అతడు ఆ లోకంలో అడుగు పెట్టకుండా దూరంగా నిలిచి హెచ్చరిస్తే పిల్లలు వినరు. ఈత రానివాడు గట్టుమీద నిలిచి ఈత నేర్పలేడు.

ఇన్ని ఆశలతో నేర్చుకున్న సాధనాలు ఏమయ్యాయి? వార్తలను ఒకచోట చేర్చే గూగుల్ రీడర్ 2013 జూలై 1న మూతపడింది. డెలీషియస్ పలువురు యజమానుల చేతులు మారి 2017లో కొత్త చేర్పులకు తలుపులు మూసుకుంది. ఇరవైమూడు అంశాలలోని మరికొన్ని సేవలు ఆనవాలు లేకుండా పోయాయి. 2008 నాటి ఆర్థిక మాంద్యం తరువాత కాలిఫోర్నియాలోని అనేక పాఠశాలలు వ్యయం తగ్గించే క్రమంలో గ్రంథపాలకుల ఉద్యోగాలనే తొలగించాయి. అంతర్జాలం ఉండగా గ్రంథపాలకుడెందుకు అన్న ప్రశ్న బలంగా వినవచ్చింది.

ఇదంతా చూచి ఆ శ్రమ వ్యర్థమని తలచడం పొరపాటు. డెలీషియస్ పోయినా గుర్తుమాటలు వేసే పద్ధతి అంతర్జాలమంతటా వ్యాపించింది. గూగుల్ రీడర్ పోయినా మంచి వనరులను ఏరి ఒకచోట కూర్చే అలవాటు మిగిలింది. ఒక సాధనాన్ని భయం లేకుండా తెరచి, ప్రయత్నించి, దాని మంచిచెడ్డలను తూచగలిగినవారికి రెండవ సాధనం సగం శ్రమతో వశమవుతుంది. ఆ ప్రణాళికలో అలవాట్లను మొదటి పాఠంగా ఉంచడంలోని దూరదృష్టి ఇక్కడ వెల్లడవుతుంది.

తెలుగునాట ఈ చదువుకు మరొక మెట్టు అదనంగా ఉండేది. కొత్త వాహనాలను పుస్తకసేవకు వినియోగించడం ఇక్కడివారికి కొత్త కాదు. 1930లలో పాతూరి నాగభూషణం వంటి గ్రంథాలయోద్యమ కార్యకర్తలు కృష్ణా కాలువలపై పడవలో గ్రంథాలయాన్ని నడిపి పల్లెలకు పుస్తకాలు చేర్చారు. కంప్యూటరు వచ్చినప్పుడు మాత్రం లిపి అడ్డునిలిచింది. ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క ఫాంటును వాడేది. ఒకచోట వ్రాసిన తెలుగు మరొకచోట తెరిస్తే అర్థంకాని గుర్తులుగా కనిపించేది. అందుచేత తెలుగు పుస్తకాల పేర్లను ఆంగ్లలిపిలో నమోదు చేసుకొనేవారు. యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991లోనే చోటు లభించింది. విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి ఫాంటుతో వచ్చిన తరువాత దాని వాడుక క్రమంగా పెరిగింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైంది. నేడు తెలుగు వికీసోర్స్‌లో హక్కుల గడువు తీరిన పాత గ్రంథాలను స్వచ్ఛంద సేవకులు అక్షరదోషాలు సరిచూచి ఉంచుతున్నారు. న్యూజిలాండులో పుట్టి 2000 నుండి వాడుకలో ఉన్న కోహా వంటి ఉచిత సాధనాలతో చిన్న పాఠశాల కూడా తన పుస్తకాలకు తెలుగులోనే సూచిక తయారు చేసుకోవచ్చు.

ఇప్పుడు కృత్రిమ మేధ రూపంలో మరొక సాధనం వచ్చింది. అడిగిన ప్రశ్నకు అది క్షణంలో సమాధానం వ్రాస్తుంది. 2025 మే నెలలో అమెరికాలోని ఒక దినపత్రిక వేసవిలో చదవదగిన పదిహేను పుస్తకాల పట్టికను ప్రకటించింది. కృత్రిమ మేధ సహాయంతో తయారైన ఆ పట్టికలో పది పుస్తకాలు అసలు లోకంలో లేవు. రచయితల పేర్లు నిజమైనవి, పుస్తకాలు కల్పితమైనవి. అటువంటి పట్టికను పట్టుకొని ఒక విద్యార్థి గ్రంథాలయానికి వస్తే, లేని పుస్తకం లేదని నిర్ధారించి చెప్పడానికి సూచికను నమ్మకంగా వెదకగలవాడు ఒకడు అక్కడ ఉండాలి. చెట్టుమీది ఆక్టోపస్ నాటి ప్రశ్నలే నేడూ వేయాలి. వాటిని వేయవలసిన చోటు మాత్రమే మారింది.

కాబట్టి గ్రంథపాలకునికి చదువు ముగిసే రోజు రాదు. అతడు నేర్చిన సాధనాలలో కొన్ని మూతపడవచ్చు, కొన్ని రూపం మార్చుకోవచ్చు. నేర్చుకొనే అలవాటును, నిజానిజాలు విడదీసే నేర్పును ఏ సంస్థా మూసివేయలేదు. తెలియనిదానిని తెలియదని ఒప్పుకొని, పిల్లల ఎదుటనే నేర్చుకొనే పెద్దవాడు వారికి పుస్తకంలో లేని పాఠాన్ని బోధిస్తాడు. రంగనాథన్ చెప్పిన పెరిగే జీవికి ప్రాణం అతని ఈ జిజ్ఞాసలోనే ఉంది.